కెంచడు తాగిన పాలు

29 మే 1961, సోమవారం

పొద్దున వాకిట్లో ముగ్గు చెరగలేదు. రోజూ దుర్గక్క ముగ్గు పెట్టి చేయి దులుపుకునేలోపే కెంచడు వచ్చి దాని మీద పడుకుంటాడు. తెల్లపిండి ఎర్రటి ఒంటికి పూసుకుని ఇల్లంతా తిరుగుతాడు. ఇవాళ తొమ్మిదింటికి కూడా గీతలు గీతలుగానే ఉన్నాయి.

"నీ కుక్కకు బుద్ధి వచ్చినట్లుండాది పాపా," అంది దుర్గక్క. మా కొట్టం ఊడ్చడానికి వచ్చిన నాటి నుంచి ఆమెకూ వాడికీ ముగ్గు తగాదా.

గడ్డివామి వెనక దొరికాడు. మూడు చోట్ల కక్కి ఉన్నాడు. పిలిస్తే తోక ఒక్కసారి నేలకు కొట్టి ఊరుకున్నాడు.

అమ్మ హచ్చొళ్ళిలో అక్క పురుటికి పోయి పది రోజులు. అప్పటి నుంచి పొయ్యి నాది. అవ్వ కళ్ళలో పొర ముదిరింది. మంట ఎక్కడుందో చేత్తో తడుముతోంది. వంటింట్లోకి రావద్దని నాయన గట్టిగా చెప్పాడు.

30 మే, మంగళవారం

నీళ్ళు తాగినా కక్కుతున్నాడు.

మంగళవారం కాబట్టి డాక్టరు చెన్నకేశవరావుగారు ఎద్దులకు సూదులు వేయడానికి బళ్ళారి నుంచి వచ్చారు. ఆయన ఇచ్చిన నవల తిరిగి ఇవ్వాలని మూడు వారాలుగా అనుకుంటున్నాను. ఇవాళ కూడా కొంగు కింద పట్టుకుని నిలబడి, పట్టుకునే లోపలికి వచ్చేశాను. ఆయన చదివిన పుస్తకాల్లో అంచున పెన్సిల్‌తో తేదీ ఉంటుంది, ఆ పూట ఎక్కడ ఆగారో అక్కడ. నేను కూడా ఆ తేదీ దగ్గరే ఆగుతాను. మర్నాడు మళ్ళీ మొదలుపెడతాను.

నాయన కెంచడిని చూపించాడు. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని కడుపు రెండు చేతులతో నొక్కి చూశారు.

"ఇక్కడ గట్టిగా ఏదో తగులుతోందండీ. ఈ మధ్య ఏమైనా మింగిందా?"

నాయన నేల వైపు చూశాడు. మొన్న ఆదివారం భోజనమయ్యాక నాయన మామిడి టెంక గాలిలోకి విసిరితే కెంచడు ఎగిరి పట్టాడు. ప్రతి ఏడూ ఆడే ఆటే. ఈసారి టెంక మళ్ళీ కింద పడలేదు. అందరం నవ్వాం.

"టెంక," అన్నాను నేను.

"పేగులో అడ్డం పడింది. కోసి తీయాలి. రేపే తీసుకురండి."

అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది. "కోస్తావా అప్పా? అది మైలారప్ప కుక్క."

"దేవుడి కుక్కకైనా పేగు పేగే కదమ్మా," అన్నారు డాక్టరు నవ్వుతూ. నాకూ నవ్వు వచ్చింది. అవ్వకు రాలేదు.

ఆరేళ్ళ కిందట మైలారం జాతరలో నల్ల కంబళి కప్పుకున్న గొరవయ్య ఒకడు, మైలారప్ప దాసుడు, ఈ కుక్కపిల్లను అవ్వ ఒళ్ళో వేసి పోయాడట. ఆదివారం ఆ దేవుడి దినం. అప్పటి నుంచి మా ఇంట్లో ఆదివారం ముందు కెంచడు తినాలి, అవ్వ ఇత్తడి పళ్ళెంలో. తర్వాత అవ్వ. తర్వాత మేము. నేను ఇవన్నీ నమ్మను. కాని ఆరేళ్ళలో కాన్వెంటు సెలవులకు వచ్చిన ఏ ఆదివారమూ వాడికంటే ముందు తినలేదు.

31 మే, బుధవారం

కుక్కను బస్సులో ఎక్కించుకోం అన్నారు. బండిలో గడ్డి పరిచి తీసుకుపోయాం. నాయనా నేనూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. లోపలి నుంచి క్లోరోఫారం వాసన. నాయన బీడీ వెలిగించడం, ఆర్పడం, మళ్ళీ వెలిగించడం.

గంటన్నర తర్వాత కాంపౌండరు రామాంజినేయులు పింగాణీ పళ్ళెంలో టెంక తెచ్చి చూపించాడు.

"చూడప్పా, ఇంత టెంక! నాటితే మొలుస్తాది." మళ్ళీ గొంతు తగ్గించాడు. "అది ఇరుక్కున్న కాడ పేగు నల్లబడిండాది. సార్ మళ్ళా ఎర్రబడ్తాదిలే అని కుట్టేసినాడు."

డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఈ జిల్లాలో ఇలాంటి ఆపరేషను ఎవరూ చేసి ఉండరట. రేపు ఇంటికి తీసుకుపోవచ్చు, రాత్రిపూట చూసే మనుషులు ఇక్కడ లేరు అన్నారు. నాలుగు రోజులు నోట్లోకి ఏమీ పోకూడదు. నీళ్ళు కూడా తడిగుడ్డతో పెదవులకు అద్దడమే. రామాంజినేయులు రోజూ వచ్చి చర్మం కింద సెలైను ఎక్కిస్తాడు.

తర్వాత నా వైపు తిరిగారు. "మీరు రోజూ ఒక కాగితం మీద రాయాలి సుభద్రగారూ. జ్వరం ఎంత, వాంతి ఉందా, కడుపు ఎలా ఉంది. మీరు తప్ప ఇంకెవరూ సరిగ్గా రాయలేరు."

మీరు తప్ప ఇంకెవరూ.

1 జూన్, గురువారం

కెంచడు ఇంటికి వచ్చాడు. కుట్లు పదకొండు. పక్క గదిలో గోనె పరిచాను. థర్మామీటరు పెడితే నా ముఖంలోకి చూస్తాడు, ఇది కూడా నువ్వేనా అన్నట్లు.

2 జూన్, శుక్రవారం

జ్వరం లేదు. వాంతి లేదు. నా చేయి నాకాడు.

3 జూన్, శనివారం

పొద్దున లేవగానే పచ్చగా కక్కాడు. గంటకు మళ్ళీ. లోపల ఏమీ లేకుండా అంత పచ్చది ఎక్కడి నుంచి వస్తోందో. కడుపు డప్పులాగా బిగిసింది. తాకితే మూలిగాడు. జ్వరం నూట నాలుగుకు కొంచెం తక్కువ.

అన్నీ కాగితం మీద రాసి రామాంజినేయులు చేతికి ఇచ్చాను. దాని కింద "దయచేసి ఒకసారి రండి" అని రాశాను. ఆ మాట రాయడానికి కాగితం మూడుసార్లు మార్చాను.

డాక్టరు రాలేదు. ఆసుపత్రికి పై అధికారి తనిఖీకి వచ్చాడట. సాయంత్రం బస్సులో చీటీ పంపారు. ఈ పేజీలోనే పెడుతున్నాను.

"సుభద్రగారికి. కంగారు వద్దు. కడుపు కోసిన తర్వాత పేగు రెండు మూడు రోజులు నిద్రపోతుంది. గాలి కదలక ఉబ్బుతుంది. అదే లేస్తుంది. మీ కాగితాలు చాలా చక్కగా ఉన్నాయి. చె.కే.రా."

పేగు నిద్రపోతుంది. ఎంత బాగా చెప్పారు. అవ్వకు చెప్పాను. "నిద్దర పోతే మూలగదు గదా పాపా," అంది.

అవ్వకు అన్నీ అనుమానాలే.

4 జూన్, ఆదివారం

అవ్వ కెంచడికి పాలు పట్టింది. నాలుగు గుటకలు. తర్వాత అవ్వ తిన్నది. తర్వాత మేము తిన్నాం.

సాయంత్రం కక్కాడు.

ఇంకేమీ లేదు.

5 జూన్, సోమవారం

డాక్టరు జీపులో వచ్చారు. ఈ ఊరికి ఆయన సోమవారం రావడం మొదటిసారి. కెంచడి చిగుళ్ళు వేలితో నొక్కారు, తెల్లగా అయి తెల్లగానే ఉండిపోయాయి. కడుపు తాకారు. వాడు మూలగలేదు. శనివారం మూలిగాడు కదా, నయమేనా అని అడగబోయాను. అడగలేదు.

"నోట్లోకి ఏమైనా పట్టారా?"

నేను గోడ మీది మేకు వైపు చూస్తున్నాను.

"ఎవరో ఏదో పట్టారు. చెప్పండి."

"నేనే అప్పా," అంది అవ్వ. "నిన్న ఆయితారం గదా. స్వల్ప పాలు."

డాక్టరు మడమల మీద వెనక్కి కూర్చున్నారు. ఆయన భుజాలు దిగాయి. కోపం అనుకున్నాను. కోపంలో మనిషి భుజాలు దిగుతాయా? ఏమో.

"నేను నాలుగు రోజులు అని చెప్పాను కదమ్మా," అన్నారు చాలా మెల్లగా. "లోపలి కుట్టు తెగింది. ఇంక నా చేతిలో ఏమీ లేదు."

నాయన గొంతు వాకిలి దాటి వీధి దాకా పోయింది. ఎదురింటి వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. "నాలుగు దినాలు సుమ్నే ఉండమంటే ఉండల్యాకపోతివి! దేవుడంట, ఆయితారమంట! నువ్వే సంపినావు పో!"

అవ్వ నాయన వైపు తిరగలేదు. ఆమె ముఖం నేను ఉన్న వైపు తిరిగి ఉంది. పొర వచ్చిన కళ్ళు కదా, ఎటు తిరిగితే ఏమిటి.

6 జూన్, మంగళవారం

కెంచడు పోయాడు. పగలు పదకొండు గంటలకు.

8 జూన్, గురువారం

బావి గట్టు అవతల పూడ్చారు. దుర్గక్క ముగ్గుపిండి తెచ్చి పైన చల్లింది. "తీసుకో, పండుకో ఇప్పుడు ఎంతసేపన్నా," అని తిట్టి ఏడ్చింది.

అవ్వ ఇత్తడి పళ్ళెం కడిగి, దేవుడి గూటి ముందు బోర్లించింది. కెంచడు పోయిన పొద్దు నుంచి రొట్టె ముట్టలేదు, ఇంక ముట్టదట. మైలారంలో గొరవయ్యను చూసి తప్పు చెప్పుకుని, ఆయన ఒప్పుకుంటేనే తింటుందట. జాతర మాఘంలో. ఇంకా ఎనిమిది నెలలు.

"అంతదాకా?"

"మజ్జిగ తాగుతా."

"అవ్వా, నీకు డెబ్బై రెండేళ్ళు."

"దేవుడి కుక్కను సంపిన నోటికి రొట్టె యాల పాపా?"

10 జూన్, శనివారం

కాన్వెంటులో శనివారం సాయంత్రం కిరస్తానీ పిల్లలు వరుసగా నిలబడేవాళ్ళు. ఒక్కొక్కరే చెక్కపెట్టె పక్కన మోకరిల్లి, జాలీ అవతల ఉన్న ఫాదరుకు తాము చేసిన తప్పులు చెప్పి వచ్చేవాళ్ళు. వచ్చేటప్పుడు నడక వేరుగా ఉండేది. నేను మెట్ల మీద పుస్తకం పట్టుకుని వాళ్ళ పాదాలు చూసేదాన్ని.

నాకు ఆ పెట్టె లేదు. ఈ పుస్తకం ఉంది. నాకు చెప్పుకోవలసింది ఏమీ లేదు కూడా. శనివారం కాబట్టి గుర్తొచ్చింది.

11 జూన్, ఆదివారం

ముందు ఎవరు తినాలో తెలియక అందరం కాసేపు కూర్చున్నాం. నాయన విసురుగా పళ్ళెం లాక్కుని తిన్నాడు. అవ్వ లేచి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

టెంక ఎవరు విసిరారో ఇంట్లో ఎవరూ అడగలేదు.

13 జూన్, మంగళవారం

డాక్టరుగారు వచ్చారు. ఎద్దుల పని కాగానే మా వసారాలో కూర్చున్నారు. కెంచడి ఆపరేషను గురించి మద్రాసులో ఏదో పశువైద్య పత్రికకు ఇంగ్లీషులో వ్యాసం పంపుతారట. కుక్క బతకకపోయినా ఆపరేషను ఆపరేషనే అన్నారు. పై చదువుకు సీటు అడగడానికి అది పనికొస్తుంది. నా అక్షరంతో సాపు రాసి ఇవ్వమన్నారు. స్పెల్లింగులు చూసుకోవడానికి తన పెద్ద శస్త్రచికిత్స పుస్తకం కూడా తెచ్చారు.

ఆయన చెబుతుంటే నేను రాశాను. రెండు గంటలు. నేను ఒక మాట మార్చితే "ఇదే బాగుంది" అన్నారు. రెండుసార్లు అన్నారు.

మూడో రోజు దగ్గర ఆయన కొంచెం ఆగారు. నేనూ ఆగాను. "మూడో రోజు ముగిసేవరకు రోగి స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు," అన్నారు. కలం కాగితం మీద పెట్టే ఉంది. చుక్క సిరా పెద్దదైంది. "ఊఁ," అన్నారు. రాశాను.

"నాలుగో రోజు ఆదేశాలకు విరుద్ధంగా ఇంటి వృద్ధురాలు పాలు పట్టింది. ఆరో రోజు కుక్క మరణించింది."

రాశాను.

పోయేటప్పుడు నేను రోజూ రాసిన కాగితాలు అడిగి తీసుకున్నారు. "ఇవి నా దగ్గర భద్రంగా ఉంటాయి" అన్నారు. ఇవాళ చాలా రోజుల తర్వాత బాగుంది.

16 జూన్, శుక్రవారం

అవ్వ పెరట్లో పడింది. మోచెయ్యి గీరుకుంది. దుర్గక్కా నేనూ లేపాం. ఆమె బరువు ఏమీ లేదు. తడిచీర ఎత్తినంత.

"ఏం ముసల్దానా, మొగుడు పోయిన దినం గూడా ముద్ద మింగితివి గదే," అంది దుర్గక్క. "కుక్క కోసరం సస్తావా?"

"మొగుణ్ణి నేను సంపల్యా," అంది అవ్వ.

నాయన వాకిట్లో నిలబడి విన్నాడు. ఎద్దులకు నీళ్ళు పెట్టిన తొట్టిలోనే మళ్ళీ నీళ్ళు పోశాడు, పొర్లిపోయేదాకా.

17 జూన్, శనివారం

మెల్లగా రాయాలి. వరుసగా రాయాలి.

డాక్టరు పుస్తకం మంగళవారం తిరిగి ఇవ్వాలి కదా అని ఒకసారి తిరగేశాను. పేగు కోయడం గురించిన అధ్యాయం. మూడో పేజీలో ఒక పేరా. దాని అర్థం ఇది: కుట్టిన పేగు వీడిపోతే అది తరచు మూడో రోజుకూ ఐదో రోజుకూ మధ్య. పచ్చటి వాంతి, బిగిసిన కడుపు, తాకితే నొప్పి, జ్వరం. నల్లబడిన పేగు మీద కుట్టు నిలవదు, ఆ ముక్కనే కోసి తీసివేయాలి. ఈ గుర్తులు కనిపిస్తే, ఇది మామూలుగా పేగు నిద్రపోవడమని పొరపడక, వెంటనే మళ్ళీ తెరిచి చూడాలి.

అంచున పెన్సిల్‌తో: 3-6.

మూడో తేదీ శనివారం. నేను రాసుకునే ఈ పుస్తకంలో వెనక్కి పోయి నా శనివారం చదివాను. పచ్చగా రెండుసార్లు. డప్పులాగా. మూలిగాడు. చీటీ అక్కడే ఉంది.

అంటే శనివారం ఆయన నా కాగితం చదివారు. పుస్తకం తీశారు. ఈ పేరా దాకా చదివి ఆగారు. తేదీ వేశారు. తర్వాత కాగితం తీసుకుని కంగారు వద్దని రాశారు.

ఆయన తేదీల వెంట చదవడం నాకు ఎవరు నేర్పారు?

సోమవారం ఆయన భుజాలు దిగడం ఇప్పుడు అర్థమైంది. అవ్వ "నేనే" అంది. ఆయనకు కావలసింది దొరికింది.

అవ్వ ఆదివారం పట్టింది. కుట్టు శనివారమే వీడింది. అవ్వ చంపలేదు. అవ్వ ఎవరినీ చంపలేదు. పన్నెండు రోజులుగా మజ్జిగ తాగుతూ ఉంది. ఈ సంగతి తెలిసిన మనిషి మా వసారాలో కూర్చుని, నా కలంతో, నా అక్షరంతో, ఇంటి వృద్ధురాలు అని రాయించాడు. నేను స్పెల్లింగు చూసుకున్నాను.

మీరు తప్ప ఇంకెవరూ సరిగ్గా రాయలేరు.

18 జూన్, ఆదివారం

ఎవరికీ చెప్పలేదు. ముందు ఆయన్ను అడగాలి. అడగకుండా ఒక మనిషిని అనడం న్యాయం కాదు.

అవ్వ ఇవాళ మజ్జిగ కూడా సగమే తాగింది.

20 జూన్, మంగళవారం

ఆయన రాలేదు. రామాంజినేయులు ఒక్కడే సూదుల పెట్టెతో వచ్చాడు. సార్‌కు పని అన్నాడు. పుస్తకం నా చేతికి ఇస్తే పోయేటప్పుడు పట్టుకుపోతానన్నాడు. నేనే వచ్చి ఇస్తానని చెప్పాను. చెప్పినాక నా మాట నాకే కొత్తగా ఉంది.

21 జూన్, బుధవారం

ఒక్కదాన్నే బస్సెక్కి బళ్ళారికి పోవడం కాన్వెంటు వదిలాక ఇదే మొదటిసారి. నాయనకు పుస్తకం ఇచ్చి వస్తానన్నాను.

డాక్టరు కుర్చీ చూపించారు. టీ తెప్పించారు. నేను నిలబడే పుస్తకం తెరిచి ఆ పేజీ బల్ల మీద పెట్టాను. మాట్లాడాల్సిన మాటలు బస్సులో వరుసగా పెట్టుకున్నాను. అన్నీ పోయాయి.

"మూడో తేదీ," అన్నాను.

ఆయన చూశారు. పుస్తకం మూయలేదు. అది ఆయన మంచితనమే అనుకుంటాను.

"చదివాను," అన్నారు.

"చీటీలో నిద్ర అని రాశారు."

"నిద్రే కావచ్చు అనుకున్నానండీ. కావాలని అనుకున్నాను. ఆ రోజు ఇక్కడ తనిఖీ. వదిలి వస్తే ఎందుకని అడుగుతారు. నా మొదటి ఆపరేషను చెడిందని చెప్పాలి. వచ్చి మళ్ళీ కోసినా బతికేది కాదు. పదింటిలో ఒకటి బతికితే ఎక్కువ."

"ఒకటి," అన్నాను.

ఆయన టీ కప్పు నా వైపు జరిపారు.

"మా అవ్వ తినడం లేదు. తను చంపానని అనుకుంటోంది."

"నేను ఆమె చంపిందని ఎక్కడా అనలేదే. మీరు రాసిందే చూడండి. నాలుగో రోజు పాలు పట్టారు. ఆరో రోజు పోయింది. రెండూ నిజాలే కదా."

"మూడో రోజు మార్పు లేదని రాయించారు."

అప్పుడు ఆయన నా ముఖం సూటిగా చూశారు. ఆయన మా ఊరికి వస్తున్న ఎనిమిది నెలల్లో మొదటిసారి. నేను కోరుకున్న చూపు ఇది కాదు.

"మీకు తెలుసు కదా సుభద్రగారూ, మూడో రోజు ఏమైందో. నాకంటే మీకే బాగా తెలుసు. మీరు వద్దంటే నేను మార్చేవాణ్ణి. మీరు రాశారు."

నేను నవల కూడా తీసి బల్ల మీద పెట్టాను. నా కాగితాలు ఇవ్వమన్నాను. వ్యాసంతో పాటు పంపేశాను అన్నారు. టీ తాగలేదు.

రామాంజినేయులు గేటు దాకా వచ్చాడు. "ఆ పొద్దు నీ కాగితం ఇచ్చినాక సార్ బుక్కు ముందర పెట్టుకోని శానాసేపు కూర్చున్యాడమ్మా. జీపు తియ్యమంటాడు అనుకుంటి. అంతలోకే పెద్ద సాబులు వచ్చిరి." అటూ ఇటూ చూశాడు. "నేను చెప్పినానని యాడా అనొద్దు తల్లీ."

ఇంటికి వచ్చి నాయనకు చీటీ చూపించాను. పేరా అర్థం చెప్పాను. నాయన చీటీ తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడ ఇంకేమైనా ఉందేమోనని.

"టెంక ఏసింది నేను," అన్నాడు. "ఏసింది నేను, అవ్వను అంటి."

చెప్పి బయటికి పోయాడు. అంతే. ఎంత తొందరగా చెప్పేశాడు.

22 జూన్, గురువారం

పొద్దున అవ్వ మంచం పక్కన పీట వేసుకుని ఈ పుస్తకం తీశాను. కాగితం చప్పుడుకు తల తిప్పింది.

"ఏందది?"

"నేను రాసుకునేది అవ్వా. కెంచడికి బాగాలేనప్పటిది."

"సదువు."

శనివారం చదివాను. చీటీ కూడా చదివాను.

"మళ్ళా సదువు."

మళ్ళీ చదివాను. అవ్వ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. "పచ్చగా కక్కింది శనారమా?"

"శనివారం పొద్దునే."

"పాలకు ముందర?"

"ముందరే. పాల వల్ల పోలేదు అవ్వా. లోపల కుట్టు అప్పటికే వీడిపోయింది. డాక్టరుకు తెలుసు. ఆయన పుస్తకంలో ఉంది, నేను చూశాను. ఆయనే ఒప్పుకున్నాడు."

అవ్వ చాలాసేపు మడిచిన వేళ్ళను అలాగే పట్టుకుంది.

"అట్లయితే మైలారప్ప కుక్క ఆకలితో పోల్యా," అంది. "ఆయితారం దినం నాలుగు గుటకలు తాగే పోయినాడు."

"అవును."

"మేలాయె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ నాయన రాత్రి వచ్చి నా కాళ్ళ కాడ కూర్చోని పోయినాడు. యాల కూర్చున్యాడో చెప్పల్యా. ఇప్పుడు తెలిసె. రొట్టె ఉండాదా?"

"ఉంది అవ్వా."

"పండ్లు లేవు గదా నాకు. పాలలో నలిపి తే."

పాలు కాచాను. చల్లార్చాను. గూటి ముందు బోర్లించిన ఇత్తడి పళ్ళెం తిప్పి, కడిగి, అందులోనే రొట్టె నలిపాను. అవ్వ తడుముకుని, పళ్ళెం అంచు గుర్తుపట్టి, కాసేపు ఆగి, తిన్నది. సగం రొట్టె. పదహారు రోజుల తర్వాత. దుర్గక్క గుమ్మంలో నిలబడి చూసి, చీపురు పట్టుకునే లోపలికి రాబోయి, ఆగి, పోయింది.

అవ్వ వేళ్ళు నాక్కుంది.

"ఆయితారం దినం ఏం రాసుకున్యావు పాపా?"

నేను పేజీ తిప్పాను. చదివాను. "అవ్వ కెంచడికి పాలు పట్టింది. నాలుగు గుటకలు. తర్వాత అవ్వ తిన్నది. తర్వాత మేము తిన్నాం."

"అంతేనా?"

"అంతే."

అవ్వ ఖాళీ పళ్ళెం నా వైపు జరిపింది. "సరేలే," అంది. "అట్లే ఉండనీ."

ఆ ఆదివారం అవ్వ అడిగితే పాలు కాచి, చల్లార్చి, ఈ పళ్ళెంలో పోసి, కెంచడి నోటి దగ్గర పట్టింది నేను. అవ్వ వాడి తల పట్టుకుని కూర్చుంది.